గడియారంలో ఇంకా ఆరు నిమిషాలుండగా



ఈవేళ చదరంగం గురించి మాట్లాడతానని చెప్పగానే మావారు, "రోజూ ఓడిపోయేదానివి, దానికి ఉపన్యాసం కూడానా?" అన్నారు. నిజమే, నేను గెలిచే మనిషిని కాను. అందుకే మాట్లాడదామనుకున్నాను. కూర చక్కగా కుదిరిన రోజున ఎవరూ ఆరా తీయరు. అడుగంటిన రోజునే కదా, మంట ఎక్కువైందా, నీళ్ళు చాలలేదా, పోపు దగ్గర ఎవరైనా పిలిచారా అని ఆలోచిస్తాం!

మా అబ్బాయి హాస్టలుకు వెళుతూ నా ఫోనులో ఈ ఆట పెట్టి వెళ్ళాడు. మధ్యాహ్నం అంట్లు సర్దుకుని, బట్టలు ఆరేసుకున్నాక ఒక ఆట ఆడుకుంటాను. అవతల ఆడేది ఎవరో తెలియదు. పేరు బదులు ఏదో మారుపేరు, పక్కన ఓ దేశం జెండా, అంతే. ఇద్దరికీ చెరి పది నిమిషాలు. ఇలా త్వరగా ముగిసే ఆటను ర్యాపిడ్ అంటారు. పెద్ద పోటీల్లో అయితే పది నిమిషాలకు పైన, గంటకు లోపల ఎంత సమయమిచ్చినా దాన్ని ర్యాపిడ్ అనే అంటారు. ప్రపంచ పోటీలలో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఆపైన ప్రతి ఎత్తుకూ పది సెకన్లు కలుపుతారు.

మొన్నొక ఆటలో ఓడిపోయాను. ఆ ఒక్క ఆట కథే మీకు చెబుతాను.

నావి తెల్లకాయలు. రెండో ఎత్తులోనే మంత్రిని బయటికి లాగాను. శకటాన్ని కూడా తెచ్చి, నాలుగు ఎత్తుల్లో రాజును కట్టేద్దామని నా ఆశ. కొత్తగా నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ ఆశ ఉంటుంది. అవతలి మనిషి బంటు ఒకటి ముందుకు జరిపి ఆ దారి మూసేశాడు. ఆ తరవాత గుర్రాలను ఒక్కొక్కటే బయటికి తీసి నా మంత్రి మీదికి తోలాడు. నేను చేసేది లేక మంత్రిని మళ్ళీ దాని పుట్టింటికే చేర్చాను. మూడు ఎత్తులు దండగ. ఆ వ్యవధిలో ఆయన కాయలన్నీ సర్దుకున్నాడు. పైగా నా మంత్రిని తరిమిన గుర్రం బల్ల నడిమధ్యన తిష్ఠ వేసింది.

ఆ గుర్రాన్ని నా గుర్రంతో కొట్టి మార్చుకోవచ్చు. బంటును తోసి వెళ్ళగొట్టనూ వచ్చు. నేను రెండూ చేయలేదు. నా దాడి హడావిడిలో నేనున్నాను. రాజును కోటలో పెట్టాను. శకటాన్ని ముందుకు పంపి, దాని వెనక మంత్రిని నిలిపాను. అంతటితో ఊరుకోక, నా రాజుకు ఎదురుగా కాపలా ఉన్న బంటునే రెండు గళ్ళు ముందుకు తోశాను. అవతల మరుక్షణమే గుర్రం దూకింది. ఒక కాలు నా రాజు మీద, ఒక కాలు నా మంత్రి మీద! రాజుకు చెక్ కాబట్టి రాజును జరపక తప్పదు. మంత్రి పోయింది. దానికి బదులు దక్కింది ఆ గుర్రం ఒక్కటే.

ఇక నా మనసు ఎలా ఉంటుందో చూసుకోండి. చూస్తూ చూస్తూ పాలు పొంగించుకున్నట్టనిపించింది. ఆ తరవాతి ఎత్తులన్నీ విసురుగా, ఆలోచన లేకుండా వేశాను. కాసేపటికి ఆయన ఏనుగు వచ్చి నా బంటు నొకదాన్ని తినేసింది. "ఇదీ పోయిందా, ఇక చాల్లే" అనుకుని, ఓటమి ఒప్పుకునే మీట నొక్కి ఫోను పక్కన పడేశాను.

సాయంత్రం అబ్బాయి ఫోను చేస్తే చెప్పాను. "అమ్మా, ఓడిపోతే ఓడిపోయావు గానీ, ఆ ఆటను మళ్ళీ ఒకసారి మొదటినుంచీ జరిపి చూడు. కంప్యూటర్ని మాత్రం వెంటనే అడక్కు" అన్నాడు. ఆట ముగిశాక ప్రతి ఎత్తునూ తూచి, ఎక్కడ తప్పో చెప్పే యంత్రం ఆ ఫోనులోనే ఉంటుంది లెండి. 1997లోనే కంప్యూటరు కాస్పరోవ్ అంతటివాణ్ణి ఓడించింది. ఇప్పుడు స్టాక్‌ఫిష్ లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే అవి ఆట అయ్యాక అడగడానికే సుమండీ. ఆట మధ్యలో అడిగితే దాన్ని దొంగాట అంటారు.

పాల లెక్కల పుస్తకంలో వెనకవైపు మూడు గళ్ళు గీశాను. నేను వేసిన ఎత్తు ఒక గడిలో. అప్పుడు నేనేమనుకున్నానో రెండో గడిలో. అవతలి మనిషి అంతకుముందు వేసిన ఎత్తు ఎందుకు వేశాడో మూడో గడిలో. మొదటి రెండూ సులువుగానే నిండాయి. మూడోది చాలాచోట్ల ఖాళీగా మిగిలిపోయింది. అంటే ఆయన చేసింది నేను చూడనే లేదన్నమాట! మనం మాట్లాడుతుండగా ఎదుటివాళ్ళు చెప్పేది వినకుండా, తరవాత మనమేం అనాలా అని చూసుకుంటాం చూడండి, అచ్చం అలాగే ఆడాను.

నా తప్పులను మూడు రకాలుగా విడదీశాను. ఒకటి, చూడకపోవడం. గుర్రం దూకే గడి చూడలేదు. రెండు, చూసినా "వాళ్ళు గమనించరులే" అనుకోవడం. రెండో ఎత్తులో మంత్రిని తీయడం ఆ రకం. మూడు, కోపంలో వేసినవి.

అదంతా అయ్యాక యంత్రాన్ని అడిగాను. గుర్రం దూకకముందు నేను తోసిన బంటు దగ్గర అది ఎర్ర గుర్తు పెట్టింది. అది నాకూ తెలిసిందే. కానీ నా పుస్తకం చూసుకుంటే, అసలు తప్పు అంతకంటే చాలా ముందే మొదలైంది. ఆ గుర్రాన్ని నట్టింట కూర్చోనిచ్చిన రోజే మంత్రి పోవడం ఖాయమైంది. తప్పెక్కడో యంత్రం చెబుతుంది. అప్పుడు నా బుద్ధి ఎక్కడ ఉందో మాత్రం నేనే వెతుక్కోవాలి. సోవియట్ దేశంలో 1948లో ప్రపంచ విజేత అయిన బోత్విన్నిక్ కూడా, ఎవరి ఆటలు వాళ్ళు విశ్లేషించి వ్రాసుకోవాలని, వాటిని నలుగురి ముందూ పెట్టాలని చెప్పేవాడట. నేనిప్పుడు మీ ముందు పెట్టినట్టే అనుకోండి!

ఇంకో ఎర్ర గుర్తు ఉంది. అది చూసి నాకు నోట మాట రాలేదు. నేను ఓటమి ఒప్పుకున్న చోట యంత్రం, "ఇక్కడ ఒక్క ఎత్తులో ఆటకట్టు" అంది. ఓడింది నేను కదా, ఆయన కట్టేవాడేమో అనుకుని మళ్ళీ చూశాను. కాదు, కట్టేది నేను! బంటు మీద ఆశతో ఆయన తన చివరి వరుసకు కాపలాగా ఉన్న ఏనుగును బయటికి పంపాడు. రాజు తన బంట్ల వెనక ఒంటరిగా ఉన్నాడు. పక్కకు తప్పుకునే గడిని, నేను విసుగుతో ఎక్కడికో జరిపిన శకటం కాపలా కాస్తోంది. నా ఏనుగు దారిలో అడ్డమేమీ లేదు. దాన్ని నేరుగా చివరి వరుసకు పంపితే ఆట నాదే. గడియారం చూస్తే నాకు ఇంకా ఆరు నిమిషాలుంది. ఆరు నిమిషాలు!

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చదరంగం గురించి కాదు. పాతికేళ్ళ కిందటి ఒక పరీక్ష హాలు గుర్తొచ్చింది. ఇంటర్ మొదటి ఏడాది, లెక్కల పరీక్ష. పెద్ద లెక్క ఒకటి సగంలో చిక్కుపడింది. కళ్ళనిండా నీళ్ళు. ఇంకా గంటన్నర సమయం ఉండగానే కాగితం ఇచ్చేసి బయటికి వచ్చేశాను. మిగతా ప్రశ్నలు చదవనైనా లేదు. ఇంటికొచ్చి, ప్రశ్నపత్రం కష్టంగా ఇచ్చారన్నాను. తప్పాను. మళ్ళీ రాయమని మా నాన్నగారు ఎంత చెప్పినా రాయలేదు. ఆ మరుసటి ఏడు పెళ్ళయింది. "పెళ్ళి చేసేశారు, చదువు ఆగిపోయింది" అని ఇన్నాళ్ళూ అందరితోనూ చెబుతూ వచ్చాను. నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన ఆపలేదని చెప్పడానికి ఇప్పుడు ఆయన లేరు.

ఆ పుస్తకంలోనే, అదే మూడు గళ్ళలో, ఆ పరీక్షను కూడా రాసుకున్నాను. ఏ రకం తప్పు అని అడుగుతారా? మూడో రకం.

మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్కులో ప్రపంచ మహిళా ర్యాపిడ్ పోటీ ఆడింది. మొదటి ఆటే ఓడిపోయింది. అప్పటికి ఆమె తల్లి, వయసు ముప్పై ఏడు. లేచిపోలేదు. మిగతావన్నీ ఆడి, పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లతో ప్రపంచ విజేత అయింది. అదే పోటీ అంతకుముందు 2019లోనూ గెలిచింది. ఆమెతో మనకు పోలికేమిటి లెండి. కానీ ఓడిన ఆట తరవాత లేచిపోకుండా కూర్చోవడానికి గ్రాండ్‌మాస్టరే కానక్కరలేదు.

మీరూ ఆడదామనుకుంటే ఒక్క మాట. ఓడిన వెంటనే పంతం కొద్దీ ఇంకో ఆట మొదలుపెట్టకండి. ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి, ఓడిన ఆటను రాసుకోండి. ఎత్తు వేసే ముందు, "వాళ్ళిప్పుడు చేసింది ఎందుకు చేశారు?" అని ఒక్కసారి అడగండి. మీట నొక్కే ముందు మాత్రం బల్లంతా ఓ చుట్టు చూడండి.

కిందటి వారం నేను ఓపెన్ స్కూలులో ఇంటర్‌కు ఫారం తెచ్చుకున్నాను. లెక్కలు వద్దు, తేలికవి తీసుకో అని మావారు సలహా ఇచ్చారు. లెక్కలే రాశాను. మళ్ళీ తప్పవచ్చు. అయితే ఈసారి గంట కొట్టేదాకా కుర్చీలోంచి లేవను.