షేరు ఎప్పుడు లేస్తదో చెప్పు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, సోలార్ గురించో కరెంటు గురించో ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరేనన్నాను. ఆ సంగతి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టానో లేదో, ఒకడు రాశాడు: "సోలార్ సంగతి తర్వాత చెబుదువులే రా. ముందు నువ్వు చెప్పిన బ్యాటరీ షేరు ఎప్పుడు లేస్తదో చెప్పు." దాని కింద పదకొండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందుకని ఇవాళ మాట్లాడే విషయం మార్చుకున్నాను. మా బ్యాచ్ గొడవలాగా కనబడుతుంది గానీ, ఈ హాల్లో ఫోన్లో డీమ్యాట్ ఖాతా ఉన్నవాళ్ళు చేతులెత్తితే సగం చేతులు లేస్తాయని నా అనుమానం. దేశంలో 2020 మార్చిలో నాలుగు కోట్ల చిల్లర ఉన్న ఖాతాలు 2024 ఆగస్టుకు పదిహేడు కోట్లు దాటాయి. తర్లుపాడు ఏమన్నా దేశానికి బయట ఉందా?

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. 2024 జూన్‌లో బ్యాటరీ కంపెనీల షేర్లు ఎగురుతున్న రోజుల్లో నేను గ్రూపులో ఒక పేరా రాశాను. సూర్యుడు పగలు కరెంటు ఇస్తాడు, మనకు ఎక్కువ కావాల్సింది పొద్దుగూకాక, కాబట్టి పగటి కరెంటును దాచే ఏర్పాటు లేకుండా సోలార్ ముందుకు పోదు, రాబోయే ఇరవై ఏళ్ళు నిల్వదే అని. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. ఎవరో "ఏ కంపెనీ?" అని అడిగారు. ఒక పేరు పెట్టాను. ఏడెనిమిది మంది కొన్నారు. ఆ కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. తప్పు కంపెనీది కాదు, నాది. బ్యాటరీ గురించి తెలిసినవాడికి బ్యాటరీ షేరు గురించి కూడా తెలుసని వాళ్ళనుకున్నారు. అంతకన్నా ఘోరం, నేనూ అనుకున్నాను.

బ్యాటరీ నాకు తెలుసు, ఆ మాట నిజం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను సబ్‌స్టేషన్ బ్యాటరీ గదిలో వేశారు. యాభై అయిదు సెల్లులు, ఒక్కోటి రెండు ఓల్టులు, మొత్తం నూట పది ఓల్టులు. బయట లైను పోయినా బ్రేకర్ పడాలంటే ఆ గదే దిక్కు. వారం వారం హైడ్రోమీటర్ ముంచి ఆసిడ్ సాంద్రత చూడటం, డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినళ్ళకు పట్టిన తెల్ల బూజు తుడిచి వ్యాజలైన్ రాయడం. చొక్కాలకు చిల్లులు పడితే మా అమ్మ ఎలుకలు కొరికాయనుకునేది. అక్కడ నేర్చుకున్నదేమంటే, పైకి ఓల్టేజి బాగానే చూపించే సెల్లు లోడు పడగానే కూలబడుతుంది. మీటరు చూసి సెల్లు ఆరోగ్యం చెప్పలేం, లోడు పెట్టి చూడాలి. షేరు ధర దగ్గరికి వచ్చేసరికి నేను ఉత్త మీటరే చూశాను.

మన ఊళ్ళ వాళ్ళకు నిల్వ గురించి వేరే చెప్పాలా? కంభం చెరువు ఉంది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్ట వేసి వాననాటి నీళ్ళు ఎండనాటికి దాచారు. విజయనగర రాజుల నాటి పని. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో వాళ్ళు చేసిందీ అలాంటిదే: మిగులు కరెంటుతో నీళ్ళు పైచెరువుకు తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి 1,680 మెగావాట్ల దాకా తీస్తారు. ఆ కంపెనీ షేర్లు మార్కెట్లో లేవు, నన్ను అడగొద్దు.

ఇక పలక సంగతి. మార్కాపురం పలక మీద 'అ ఆ' దిద్దనివాడు ఈ హాల్లో లేడు. ఒకప్పుడు దేశమంతా మన పలక మీదే చదువుకుంది. పిల్లలు పెరిగారు, బడులు పెరిగాయి, చదువు పదింతలైంది. ఆ రోజుల్లో ఎవరైనా "చదువుకు భవిష్యత్తు ఉంది, కాబట్టి పలకల ఫ్యాక్టరీలో డబ్బు పెట్టు" అంటే కాదనేవాళ్ళమా? చదువుకు భవిష్యత్తు ఉంది, పలకకు లేకపోయింది. నోటుబుక్కులు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. రాయి కోసే పని నేలకూ గోడకూ వేసే బండల వైపు మళ్ళింది. మా నాన్న ఆ రాళ్ళ లారీల లెక్కలు రాసిన మనిషి. అంత దగ్గరగా చూసి కూడా గ్రూపులో ఆ పేరా రాసేటప్పుడు నాకు పలక గుర్తు రాలేదు.

ఇప్పుడు అందరికీ తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుంటాను. చిత్తూరు జిల్లాలో పుట్టిన అమరరాజా. గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికాలో ఇంజనీరు ఉద్యోగం వదిలి వచ్చి 1985లో మొదలుపెట్టిన సంస్థ. మన బైకుల్లో, ట్రాక్టర్లలో ఉండే అమరాన్ వాళ్ళదే. అది సీసం, ఆసిడ్ బ్యాటరీ. నేను గదిలో తుడిచిన దానికి బంధువే. 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. పదేళ్ళలో 9,500 కోట్లు పెట్టి మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీ కడతామని. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాదే కంపెనీ పేరులో 'బ్యాటరీస్' తీసేసి 'ఎనర్జీ అండ్ మొబిలిటీ' అని పెట్టుకున్నారు. 2024 జూన్ చివరి వారంలో చైనాకు చెందిన గోషన్ అనుబంధ సంస్థ నుంచి సెల్లుల తయారీ పరిజ్ఞానం తీసుకుంటున్నామని ప్రకటించారు. మర్నాడు షేరు ఒక్కరోజే దాదాపు 20 శాతం లేచి పదహారు వందలు దాటింది. 2025 మార్చి, ఏప్రిల్ నెలలకు వెయ్యి కిందికి వచ్చింది.

ఈ మధ్యలో కంపెనీకి ఏమైంది? ఫ్యాక్టరీలు మూతపడ్డాయా? లేదు. 2023-24లో 11 వేల కోట్లు దాటిన అమ్మకాలు 2024-25లో 12 వేల కోట్లు దాటాయి. అమ్మకాలు పెరిగాయి, షేరు పడింది. మా గ్రూపులో వాళ్ళకు అర్థం కానిది ఇదే. "ఎవడో కావాలని పడేస్తున్నాడు రా" అని రాసుకున్నారు. ఎవడూ పడెయ్యక్కర్లేదు. ఆ జూన్ రోజున కొన్నవాళ్ళు అమరాన్ బ్యాటరీలు కొనలేదు, ఇంకా ఒక్క సెల్లు కూడా అమ్మని దివిటిపల్లి ఫ్యాక్టరీ లాభాలను ముందే కొన్నారు. అవి రావడానికి ఏళ్ళు పడతాయి. ఈలోగా సీసంలో కలిపే యాంటిమొనీ లాంటి లోహాల ధరలు పెరిగి మిగులు తగ్గింది. దానికి తోడు మార్కెట్ మొత్తం దిగింది. 2024 సెప్టెంబరు 27న 26,277 దాకా పోయిన నిఫ్టీ 2025 మార్చి మొదటి వారానికి 22,000 దగ్గరికి వచ్చింది.

ఇంకోటి ఇంజనీరుగా నేను ముందే చెప్పాల్సింది. బ్యాటరీ చవకవుతోంది. ఒక యూనిట్ కరెంటు దాచే లిథియం ప్యాక్ ధర ప్రపంచ సగటున 2010 ప్రాంతంలో వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024లో 115 డాలర్లు. మన దేశంలో 2022లో సెకి పిలిచిన టెండరులో బ్యాటరీ నిల్వకు మెగావాటుకు నెలకు దాదాపు 10.8 లక్షల అద్దె పలికితే, 2024 చివరికి రాజస్థాన్‌లో రెండున్నర లక్షల లోపుకే ముందుకొచ్చారు. వాడుకునే మనకు పండగే. ఫ్యాక్టరీ కట్టేవాడికి మాత్రం, పునాది వేసేనాటి ధర వేరు, సరుకు బయటికొచ్చేనాటి ధర వేరు. స్వీడన్‌లో నార్త్‌వోల్ట్ అని ఒక కంపెనీ. ఫోక్స్‌వాగన్ లాంటివాళ్ళు డబ్బు పెట్టారు, యూరప్ అంతా దాని మీద ఆశ పెట్టుకుంది. 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. అమరరాజాకూ అదే గతి అని నేననడం లేదు. పాత వ్యాపారం మీద ఏటా డబ్బు వచ్చే సంస్థకూ, అప్పుల మీద మొదటి ఫ్యాక్టరీ కట్టే సంస్థకూ చాలా తేడా ఉంది. షేరు పడినప్పుడు చూడాల్సింది ఆ తేడానే: అప్పు ఎంత, పాత సరుకు మీద వచ్చే డబ్బు ఎంత, యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టారా. ఇవన్నీ కంపెనీ మూడు నెలలకోసారి ఇచ్చే లెక్కల్లో, స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చే ప్రకటనల్లో ఉంటాయి. నేను ఆ పేరు పెట్టేముందు వాటిలో ఒక్కటీ తెరవలేదు.

మళ్ళీ మా వాళ్ళ దగ్గరికొస్తాను. కొన్నవాళ్ళలో ఒకడు నా పక్క బల్ల మీద అయిదేళ్ళు కూర్చున్నవాడు. షేరు తగ్గిన కొద్దీ ఇంకొన్ని కొన్నాడు, యావరేజ్ చేస్తున్నానని. ఒకరోజు వాళ్ళావిడ ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీరు చెప్పారనే కొన్నాడంట కదా. పాప ఇంజనీరింగ్ ఫీజు డబ్బులు అందులోనే ఉన్నాయి. నా గాజులు బ్యాంకులో ఉన్నాయి. బయట రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు. ఇవన్నీ మీకు తెలుసా?" అంది. నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మరుసటి ఆదివారం వచ్చి వాడి ఇంట్లో కూర్చున్నాను. పలకంత కాగితం మీద లెక్క వేశాం. సారు ముందు వరసలో ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. 1,600 నుంచి 1,000కి పడితే తగ్గింది 37.5 శాతం. అదే 1,000 నుంచి 1,600కి పోవాలంటే 60 శాతం పెరగాలి. రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి 24 వేలు. షేరు ఏడాదికి 24 శాతం పెరిగితే వాడు ఉన్నచోట ఉంటాడు. కంపెనీ ఎంత మంచిదైనా ఏటా అంత పెరుగుతుందని ఎవరూ రాసివ్వరు.

వాడు మిరప పంటతో పోల్చాడు. "ధర లేనప్పుడు కాయ కోల్డ్ స్టోరేజీలో పెడతాం కదా, ఇదీ అంతే" అన్నాడు. 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయలని కేంద్రం ధర కట్టాల్సి వచ్చింది. కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి చూసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. నేనన్నాను: కాయకు అద్దె కడతావు, రంగు తగ్గుతుంది, పంట నీదే అయినా ఇంట్లో పెళ్ళి ఉంటే వచ్చిన ధరకు అమ్ముతావా లేదా? అమ్ముతానన్నాడు. మరి దీన్నెందుకు అమ్మవు? కాసేపు మాట్లాడలేదు. "అమ్మితే నష్టం ఖాయమైపోతుంది రా" అన్నాడు. చదువుకున్న నాకూ ఆ భయమే, నా వాటా నేనూ అమ్మలేదు. నాది జీతం మిగులు, వాడిది పాప ఫీజు. అందుకని ఇద్దరికీ ఒకే సలహా కుదరదు. రెండు రూపాయల వడ్డీ తీర్చడానికీ ఫీజుకూ సరిపడా అమ్మాడు. మిగతావి ఉంచుకున్నాడు.

అమ్మిన రెండు వారాలకు ధర కొంచెం లేచింది. మీకు చెప్పకుండా దాచడం ఎందుకు, ఆ రోజు వాడు నా ఫోన్ ఎత్తలేదు.

ఇక్కడే ఇంకో మాట. పోయిన డబ్బు త్వరగా రాబట్టుకోవడానికి ఆప్షన్లు ఆడదామని మా జూనియర్ ఒకబ్బాయి అడిగాడు. ఆ వ్యాపారం చేసిన మామూలు మనుషుల్లో మూడేళ్ళ కాలంలో వందకు 93 మంది నష్టపోయారని సెబీ 2024లో లెక్కతీసి చెప్పింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైన. ఆ ఏడుగురిలో నేనుంటానని ప్రతివాడూ అనుకుంటాడు. టెలిగ్రామ్‌లో టిప్పులిచ్చేవాళ్ళు సెబీ దగ్గర నమోదైనవాళ్ళేనా అని చూడమని కూడా ఆ అబ్బాయికి చెప్పాను. "మీరు నమోదయ్యారా అన్నా?" అన్నాడు. కాలేదు.

పోయిన నెల మా వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పాప హాస్టల్ గది ఫొటో, ఇనప మంచం, కిటికీ. ఇంకేమీ రాయలేదు. ఇవాళ వచ్చాడు, మూడో వరసలో ఉన్నాడు, పేరు చెప్పొద్దని ముందే మాట తీసుకున్నాడు. గ్రూపులో అడిగిన ప్రశ్నకు జవాబు: ఎప్పుడు లేస్తదో నాకు తెలియదు రా. భోజనాలయ్యాక ఆ చివరి తరగతి గదిలో కూర్చుంటాను. ఫోన్లో స్టేట్‌మెంట్లు ఉన్నవాళ్ళు రండి, ఏది అప్పు డబ్బు, ఏది మిగులు డబ్బు అని విడదీద్దాం. కళ్ళజోడు తెచ్చుకోండి, అక్షరాలు చిన్నవి. ఏ షేరు కొనాలో మాత్రం అడగొద్దు.