పటము పట్టి పరుగెత్తు విద్య

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



పిల్లల వ్యాయామమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. క్రికెట్టును గూర్చియు, కబడ్డీని గూర్చియు చెప్పగలవారు మనలో అనేకులు గలరు. మన పిల్లలలో పెక్కుమంది పేరైనను విని యుండని క్రీడ యొకటి గలదు. దాని పేరు ఓరియంటీరింగు. ఒక చేత పటమును, మరియొక చేత దిక్సూచిని పట్టుకొని, ఎరుగని ప్రదేశమున దారి కనిపెట్టుచు పరుగెత్తుట దీని స్వభావము. ఇందు కాళ్ళకెంత పనియో బుద్ధికిని అంత పని. అందుచేతనే దీనిని మీ ముందుంచుచున్నాను.

పందెము నడుపువారు అడవిలోనో, తోటలోనో కొన్ని చోట్ల తెలుపు, నారింజ రంగుల చిన్న జెండాలను ముందుగానే కట్టి యుంచుదురు. పటముపై బయలుదేరు చోటు త్రికోణముగను, జెండాలున్న చోట్లు అంకెలు వేసిన వలయములుగను, చేరవలసిన చోటు జంట వలయముగను గుర్తింపబడి యుండును. పరుగెత్తువారిని కొంత వ్యవధి నిచ్చి యొకరి వెనుక నొకరిని పంపుదురు. వారు వరుస తప్పక ప్రతి జెండాను చేరి, చేరినట్లు గుర్తు వేసికొని రావలెను. ఒక్క జెండా విడిచినను, ఎంత వేగముగ వచ్చినను లెక్కకు రాదు. రెండు జెండాల నడుమ గుట్ట యడ్డముగ నున్నచో, దాని నెక్కి దిగుట మేలా, చుట్టి పోవుట మేలా? ఈ నిర్ణయము బిడ్డ తానై చేసికొనవలసినదే. ప్రక్కన చెప్పువారుండరు.

ఈ క్రీడకు పుట్టినిల్లు ఉత్తర ఐరోపా. స్వీడను దేశపు సైనిక విద్యాలయమున 1886 నాటికే ఈ పేరు వాడుకలో నుండెను. పౌరులకు తొలి పందెము 1897 అక్టోబరు 31వ తేదీన నార్వేలో, నేటి ఓస్లో నగరమునకు సమీపమున జరిగెను. అందు పాల్గొన్నవారు ఎనమండుగురు మాత్రమే. తరువాత స్వీడనులో ఎర్నస్ట్ కిల్లాండర్ అను సైనికాధికారి, యువకులు పరుగుపందెములకు విముఖు లగుచుండుట గమనించి, వారిని మైదానమునుండి అడవికి మరల్చెను. ఆయన 1919లో స్టాక్‌హోం సమీపమున నడిపిన పందెముతో ఈ క్రీడ వ్యాప్తిలోనికి వచ్చెను. 1961లో అంతర్జాతీయ సమాఖ్య యేర్పడెను. 1966లో ఫిన్లాండులో జరిగిన తొలి ప్రపంచ పోటీలలో పురుషులతో పాటు స్త్రీలును పరుగెత్తిరి. ఆడపిల్లలకిది తగునా యని సందేహించువారికి ఈ యొక్క సంగతి చాలును.

మనవంటివారికి ఈ క్రీడయం దొక విశేషము గలదు. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, పుస్తకములలో హిందీ, ఇంగ్లీషు నేర్చుచు పెరుగుచున్నారు. ఈ పటమునకు మాత్రము మాతృభాష లేదు. నీరు నీలము, బయలు పసుపు, దట్టమైన పొదలు ఆకుపచ్చ, సులువుగ పరుగెత్తదగిన అడవి తెలుపు, రాళ్ళు నలుపు. నేల ఎత్తుపల్లములను గోధుమరంగు గీతలు తెలుపును. ఆ గీతలు దగ్గర దగ్గరగ నున్న చోట ఏటవాలు నిట్టనిలువైనది. ఎడముగ నున్న చోట మెల్లనిది. స్వీడను బిడ్డ చదువు గుర్తులనే మన దేగ్లూరు బిడ్డయు చదువును. భాషచేత ముందు వెనుకలగుట ఇక్కడ లేదు.

పటముల పని మన ప్రాంతమునకు క్రొత్తదియు కాదు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే దక్కనుమీదుగ ఉత్తరమునకు సాగెను. 1815లో బీదరు చెంత ఆధారరేఖను కొలిచిరి. ఆయన 1823లో వార్ధా ప్రాంతపు హింగన్‌ఘాట్‌లో, ఆ పనిమీదనే యుండగా మరణించెను. బీదరునకును హింగన్‌ఘాట్‌నకును నడుమనున్న నేలలోనిదే మన నాందేడు జిల్లా.

ఇక సాధన మాట. దీనికి పెద్ద మైదానము గాని, వెలగల పరికరములు గాని అక్కరలేదు. 5 మొదలు 17 ఏండ్ల వయసు పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన కదలిక యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అందు చాల భాగము ఇంటనే జరుగవచ్చును. మేడమెట్లు ఎక్కి దిగుట, త్రాడు గెంతుట, సూర్యనమస్కారములు, బడిలో శిక్షగ మాత్రమే ఎరిగిన గుంజీళ్ళు, ఇవన్నియు గుట్ట నెక్కు కాళ్ళకు బలము. ఒంటికాలిపై నిలుచుట చీలమండకు మంచి సాధన. రాళ్ళనేలపై మొదట బెణుకునది చీలమండయే గదా! కొద్దికొద్దిగ పెంచవలెను గాని, ఒక్కనాడే అంతయు చేయింపరాదు.

కంటికిని సాధన కావలెను. 100 మీటర్ల దూరము కొలిచి, కుడికాలు నేల మోపునప్పుడెల్ల లెక్కించుచు బిడ్డను నడిపింపుడు; పిమ్మట పరుగెత్తింపుడు. ఆ రెండు లెక్కలును వాని సొంత కొలబద్దలు. 1:10,000 కొలమానపు పటముపై ఒక సెంటీమీటరు నేలపై 100 మీటర్లు. ఇంటిని, తరువాత వీధిని కాగితముపై గీయనిండు. త్రాడు గెంతి ఆయాసపడుచున్న బిడ్డకు పటమును అర నిమిషము చూపి, మూసి, దారి చెప్పుమనుడు. ఆయాసములోను తెలివి తప్పకుండుటయే ఈ క్రీడ మర్మము.

మన యెండలు 40 డిగ్రీలు దాటును గనుక వేసవిలో తెల్లవారుజామున తప్ప పరుగు వలదు. వానకాలమున నల్లరేగడి కాలికంటుకొని అడుగు సాగనీయదు. కార్తికము మొదలు మాఘమువరకు అనుకూలమైన కాలము. మొదట బడి ఆవరణ, పిదప ఉద్యానవనము, ఆ మీదట బిలోలి, దేగ్లూరు వైపు గుట్టలు. కిన్వట్ అడవులకు పోదలచినచో అటవీశాఖ అనుమతియు, పెద్దల తోడును కావలెను. గోదావరి యొడ్డు, కాలువగట్లు, గట్టులేని బావులు గల చోట్లు విడువవలెను. ప్రతి బిడ్డ మెడలో ఈల, వెంట నీళ్ళు, తిరిగి రావలసిన వేళ యుండవలెను. పందెమును నడుమ మానినవాడును తుదిచోటికి వచ్చి చెప్పిపోవలెనను నియమమును అతిక్రమింపనీయరాదు.

దారి తప్పినచో నేమి చేయవలెను? నిలువవలెను. పటమును దిక్సూచితో ఉత్తరమునకు సరిచేసి, తుదిసారి నిశ్చయముగ నెరిగిన చోటేదో తలచుకొని, తోచనిచో అచ్చటికే మరలి పోవలెను. దారి తప్పుటలో అపాయము తక్కువ. తప్పినదని తెలిసియు పరుగెత్తుటలోనే అపాయము.

తల్లులారా! తండ్రులారా! మనము బిడ్డను బండిపై బడికి తెచ్చుచున్నాము, బండిపైననే మరల గొనిపోవుచున్నాము. పదేండ్లు ఈ యూర పెరిగియు, ఇంటినుండి గోదావరి ఏ దిక్కున నున్నదో చెప్పలేని పిల్లలు గలరు. ఆ లోపము వారిది కాదు. ఏ మలుపునందును నిర్ణయము వారికి విడువబడలేదు. రేపు వీరు పూనాకో, హైదరాబాదుకో, దూరదేశములకో పోవుదురు. అచ్చట మన వ్రేలు వారి చేతిలో నుండదు. కావున ఈ సెలవులలో, ప్రమాదములేని చోట, ఒక్క చిన్న పటము చేతికిచ్చి, ఒక్క దారి వారినే ఎంచుకొననిండు. మీరు తుదిచోట వేచియుండుడు. ఆలస్యమైనను పిలువకుడు, నిర్ణీత వేళ మించినప్పుడు మాత్రమే వెదకుడు.