లడ్డూ వేలము - లెక్కల పఠనము
(బాలాపూరు గణేశోత్సవ సభలో ఒక న్యాయవాది యొనర్చిన యుపన్యాసము)



వినాయక చవితి చిరకాలము మన యిండ్లలో మట్టిబొమ్మతో, పత్రితో, ఉండ్రాళ్లతో ముగిసిన పండుగ. 1893లో లోకమాన్య తిలక్ మహాశయుడు పూనాలో దానిని సార్వజనికోత్సవముగ ప్రచారమునకు దెచ్చెను. రాజకీయసభలపై పరప్రభుత్వము కన్నువేసియుండిన కాలమది. దేవుని పందిరిక్రింద గూడిన జనులను చెదరగొట్టుట దొరతనమునకు సులభము కాదు గదా! ఇది మన దేశమున మాత్రమే కన్పట్టు వింతయును గాదు. అమెరికాలో అంతర్యుద్ధము సాగుచుండగనే, 1863లో, లింకన్ కృతజ్ఞతాదినమును దేశమెల్ల జరుపవలెనని ప్రకటించెను.

ఇక మన బాలాపూరు సంగతి. 1994లో స్వామివారి లడ్డూ 450 రూపాయలకు వేలమున బోయెను. పాడుకొన్న రైతు దానిని పొలమున జల్లగా పంట యినుమడించెనని ప్రతీతి. సాక్ష్యమడుగుట నా వృత్తి. అయినను ఈ నమ్మకమును బోనెక్కింప నాకిష్టము లేదు. 2020లో మహమ్మారి వలన వేలము నిలిచెను. 2025లో ఆ యిరువదియొక్క కిలోల లడ్డూ 35 లక్షలు పలికెను! నాటి 450 రూపాయల రైతు నేడీ పాటలో నిలువగలడా?

ధనము గుడికి, బడికి, ఊరి పనులకు వినియోగపడుచున్నది, సంతోషము. కాని పాడినవాని పేరు పత్రికలలో మ్రోగును, ఆ సొమ్ముతో జరిగిన పని పేరు మ్రోగదు. కావున పాట మొదలిడుటకు ముందు గతవత్సరపు రాబడి వ్యయములను ఈ వేదికనుండియే చదివి వినిపింపుడు. ఎవ్వరిపైనను అనుమానముతో ననుట లేదు. పది నిముసములు చాలును. ఊరేగింపు హుస్సేన్‌సాగరమునకు ఆలస్యముగ జేరదు.