పుస్తకాల పండుగ, వైకుంఠపాళి
(మోరిస్‌విల్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యకర్తలు నన్ను కోరారు. ఉపన్యాసం చెప్పేటంత పండితుణ్ణి కాను. ఈ మధ్య ఒక శనివారం నాకు జరిగిన అనుభవం మనవి చేస్తాను.

ఆ రోజు మన ఊళ్లో పుస్తకాల పండుగ. తొమ్మిదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఏళ్ల తరబడి అట్టపెట్టెల్లో దాచుకున్న తెలుగు పుస్తకాల్లోంచి ఒక పాతిక ఏరి, ఓ మూల బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాను. చదువుతామన్న వారికి ఊరికే ఇద్దామని నా ఆశ. 1959లో వెలసిన రీసెర్చి ట్రయాంగిల్ పార్కు పక్కనే ఉన్న ఊరు కనుక మనవాళ్లకు ఇక్కడ కొదవలేదు. చాలామందే వచ్చారు. పుస్తకాలను ఆప్యాయంగా తడిమారు. "మా అమ్మ చదివేదండీ" అన్నారు. మళ్లీ అక్కడే పెట్టి వెళ్లారు. సాయంత్రానికి పోయినవి మూడు. తీసుకున్న ముగ్గురూ నా ఈడువారే.

పెట్టె సర్దుతుంటే మనవరాలు, "తాతయ్యా, నీ తర్వాత ఇవి ఎవరివి?" అని అడిగింది. పిల్ల అమాయకంగానే అడిగింది. నాకే జవాబు తోచలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఇరుగుపొరుగు పిల్లలు మా ఇంట్లో చేరి 'చూట్స్ అండ్ లాడర్స్' పరిచారు. ఆ ఆటకు పుట్టిల్లు మన దేశమే. ఇంగ్లండు మీదుగా ఇక్కడికి వచ్చింది. 1943లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీవారు పాములు తీసేసి జారుడుబల్లలు పెట్టారు. "అసలుది చూపిస్తాను, ఉండండి" అని లోపలికి వెళ్లి, మా ఆవిడ దాచిన వైకుంఠపాళి పటమూ గవ్వలూ తెచ్చాను.

మా పటంలో పాములకు పేర్లున్నాయి, నిచ్చెనలకు పేర్లున్నాయి. అన్నీ తెలుగులోనే. పాము మింగినప్పుడల్లా "దీని పేరేమిటి?" అని పిల్లలు అడగడం, నేను చెప్పడం. కాసేపటికి మనవరాలు, "నువ్వు చెప్పకు తాతయ్యా, నేనే చదువుతా" అంది. తెలుగు తరగతిలో బతిమాలి దిద్దించిన అక్షరాలు ఆ రాత్రి దానికి అవసరమయ్యాయి. కూడబలుక్కుని, ఒత్తు దగ్గర కాస్త ఆగి, "భక్తి" అని చదివి నిచ్చెన ఎక్కింది!

నాకు అప్పుడు పాతూరి నాగభూషణం గారు గుర్తుకొచ్చారు. 1935లో ఆయన పుస్తకాలను పడవకెక్కించి, కృష్ణా కాలువల వెంట పల్లెలకు పంపారు. చదివేవాడు రాలేదని ఊరుకోలేదు, వాడున్న చోటికే పుస్తకాన్ని నడిపించారు. నేను మాత్రం బల్ల వేసుకుని కూర్చున్నాను.

ఒక్క ఆటతో భాష నిలుస్తుందని నేననను. పేరు చదివిన పిల్ల కథ చదవాలంటే ఇంకా చాలా దూరం ఉంది. కాని చదవాలన్న కోరిక పుట్టనిదే ఆ ప్రయాణం మొదలుకాదు. అందుచేత మీకు నా విన్నపం ఒక్కటే: వారానికొక రాత్రి వైకుంఠపాళో, పులిమేకో, అష్టాచెమ్మానో పరచండి. లెక్క తెలుగులో పెట్టండి. పక్కనే ఒక చిన్న కథల పుస్తకం ఉంచండి.

మిగిలిన ఇరవై రెండు పుస్తకాలనూ నేను మళ్లీ పెట్టెలో కట్టలేదు. మనవరాలి చేతికందే అరలో పెట్టాను. అవి ఎవరివో అదే తేల్చాలి.