ఆహారము – జన్యుప్రభావము



ఒకే పంక్తిని భుజించినను, అందరి దేహములును ఆ యన్నమును ఒకే రీతిని వినియోగించుకొనవు. ఇందుకు నార్వే దేశమున ఒక దృష్టాంతము కలదు. తన ఇరువురు బిడ్డల బుద్ధిమాంద్యమునకు కారణమేమని ఒక తల్లి వైద్యులను వేడుచుండగా, 1934లో ఫోలింగ్ అను వైద్యుడు వారి మూత్రమును పరీక్షించి వ్యాధిని గుర్తించెను. మాంసకృత్తులలోని ఫినైల్‌అలనిన్ అను పదార్థమును అట్టి బిడ్డల దేహము మార్చుకొనజాలదు. అది రక్తమున పేరుకొని మెదడును చెరచును. తల్లిదండ్రులు ఆరోగ్యవంతులైనను, ఇరువురినుండియు లోపజన్యువు సంక్రమించిన శిశువునకు పాలు సైతము హాని చేయును.

ఆ పదార్థమును తగ్గించిన ఆహారము మేలు చేయునని 1953లో బర్మింగ్‌హామ్ నగరమున బికెల్ ప్రభృతులు ప్రకటించిరి. నేడు మడమనుండి తీసిన రక్తబిందువుతో, పుట్టిన కొలది దినములకే ఈ వ్యాధి తెలియును. వెంటనే పథ్యము ప్రారంభించి విడువక పాటించినచో బుద్ధి చక్కగా వికసించును. కావున తల్లిని నిందించుట మాని, సకాలమున శిశువునకు పరీక్ష చేయించుటయే పెద్దల ధర్మము.