ఎక్సెల్ పట్టికలోని సాగు పనులను ప్రాజెక్టు సాఫ్ట్‌వేరులోనికి చేర్చుట

(రైతు ఉత్పత్తిదారుల సంఘముల కార్యదర్శులకు, సభ్యులకు జరిపిన శిక్షణలో చేసిన ప్రసంగ పాఠము)



నారు పోయుట, నాటుట, కలుపు తీయుట, కోత కోయుట మీకు నేను చెప్పవలసిన సంగతులు కావు. ఆ పనులను కంప్యూటరులో వ్రాసి ఉంచుట మాత్రము మన సంఘములకు ఇటీవల అలవడినది. సభ్యుని పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, నారు పోసిన తేదీ, యంత్రము రావలసిన తేదీ — ఇవన్నియు ఎక్సెల్ పట్టికలో వరుసగా ఉండును. పది మంది సభ్యులున్న సంఘమునకు అది చాలును. నిజము చెప్పవలెనన్న, ఒక్క రైతుకు తన మూడెకరముల కొరకు గోడమీది క్యాలెండరును మించిన సాధనము లేదు. కాని నలుబది పొలములకు ఒకే నాటు యంత్రము తిరుగవలసి వచ్చినపుడు చిక్కు మొదలగును. కాలువ నీరు పది దినములు ఆలస్యమైనచో, పట్టికలోని తేదీలన్నిటిని చేతితో దిద్దుకొనవలెను. ఏ పని ముగిసిన తరువాత ఏ పని మొదలు కావలెనో పట్టికకు తెలియదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు వంటి సాఫ్ట్‌వేరునకు అది తెలియును. ఒక పని జరిగినచో దానిని అనుసరించిన పనులను అదే జరుపును.

కాబట్టి పట్టికలో ఉన్నదానిని మరల టైపు చేయకుండ అందులోనికి చేర్చుట ఎట్లు అన్నది నేటి మన విషయము. చేర్చుట ఐదు నిమిషముల పని. చేర్చుటకు ముందు పట్టికను బాగుచేయుటయే అసలు పని.

మా కష్టము ఒకటి చెప్పెదను. డెల్టాలోని ఒక సంఘమునకు 2024 ఖరీఫ్‌లో ఈ పనిలో నేను సహాయము చేసితిని. యంత్రముతో నాటుటకు ట్రేలలో పెంచిన నారు సాధారణముగా 15 నుండి 18 దినముల వయస్సులో ఉండవలెను. మేము పట్టికలో “నారు పెరుగుదల — 16 దినములు” అని వ్రాసి, జూలై 1వ తేదీ సోమవారమున మొదలని చేర్చితిమి. 17వ తేదీన నాటు రావలెను గదా! సాఫ్ట్‌వేరు 23వ తేదీ చూపినది. మేము గమనింపలేదు. యంత్రమును ఆ తేదీకే కుదుర్చుకొంటిమి. యంత్రము వచ్చునప్పటికి నారు 22 దినములది. ఏపుగా ముదిరి, వేళ్లు ట్రేలలో చాపవలె అల్లుకొనిపోయినవి. రెండు పొలములలో కూలీలను పెట్టి చేతితో నాటించవలసి వచ్చినది. ఆ కూలి ఖర్చు సంఘమే భరించినది.

కారణము తరువాత తెలిసినది. ఆ సాఫ్ట్‌వేరులోని సాధారణ పనిదినముల పట్టిక సోమవారము నుండి శుక్రవారము వరకే పని ఉన్నట్లు లెక్కించును. శని, ఆదివారములు సెలవు. ఆఫీసులకు అది సరియే. నారు ఆదివారము కూడ పెరుగును! తప్పు యంత్రముది కాదు, అడుగకుండ నమ్మిన మాది.

దీనికి నివారణ సులభము. మనుష్యులు చేయు పనులకు పనిదినముల లెక్క ఉంచవలెను. మన ప్రాంతములో శని, ఆదివారములు కూడ కూలి దొరకునట్లయితే ఆ దినములను పనిదినములుగా మార్చుకొనవలెను. పైరు తానుగా పెరుగు కాలమునకు మాత్రము వ్యవధి గడిలో అంకె ప్రక్కన ఆంగ్లములో “ఈడీ” అను రెండు అక్షరములు చేర్చవలెను. అపుడు సెలవులతో నిమిత్తము లేక గడచిన దినములన్నియు లెక్కకు వచ్చును. పట్టికలోనే అట్లు వ్రాసి పంపుట మేలు. “24 గంటలు” అను క్యాలెండరు వాడిన సరిపోదా అని కొందరు అడుగుదురు. సరిపోదు. దినమనగా 8 గంటలని సాఫ్ట్‌వేరు లెక్క. ఆ క్యాలెండరుపై 16 దినముల నారు ఆరు దినములు కూడ నిండక మునుపే నాటునకు వచ్చినట్లు చూపును.

ఇక తేదీల సంగతి. మనము 01-07-2024 అని వ్రాసినచో జూలై 1 అని మన భావము. కంప్యూటరు అమెరికా పద్ధతిలో అమర్చియున్నచో అది జనవరి 7 అగును. మోసమేమనగా, 13వ తేదీ మొదలు నెలాఖరు వరకు గల తేదీలు ఇట్లు తారుమారు కాజాలవు. కాన కొన్ని సరిగా, కొన్ని తప్పుగా కనబడి మనలను తికమక పెట్టును. ఎక్సెల్ నిజమైన తేదీని లోపల ఒక అంకెగా దాచును. 2024 జూలై 1 దానికి 45474. మీరు ప్రత్యేకముగా మార్చనిచో నిజమైన తేదీ గడిలో కుడివైపునకు, అక్షరములుగా నిలిచిన తేదీ ఎడమవైపునకు ఒదిగియుండును. తేదీల నిలువు వరుసను ఒకసారి పైనుండి క్రిందికి చూచినచో ఏది చెడినదో తెలిసిపోవును.

దీనికి ఎదురు దోషము కూడ కలదు. సర్వే నంబరు 12/3 అని టైపు చేయగనే ఎక్సెల్ దానిని మార్చి 12గా మార్చివేయును. ఖాతా నంబరు ముందున్న సున్నలు ఎగిరిపోవును. ఆ వరుసలను టైపు చేయుటకు ముందే “టెక్స్ట్” అని నిర్ణయించవలెను. పిదప నిర్ణయించిన ప్రయోజనము లేదు. ఇది మన పల్లెల బాధ మాత్రమే కాదు. ఎక్సెల్ తేదీలుగా మార్చివేయుచున్నదని మానవ జన్యువులలో కొన్నిటి పేర్లనే శాస్త్రజ్ఞులు మార్చుకొనిరి. ఆ నియమములు 2020లో ప్రకటింపబడినవి. మనము సర్వే నంబర్లను మార్చుకొనలేము గదా!

పట్టికలో ఒక పనికి ఒక అడ్డు వరుస ఉండవలెను. మధ్యలో ఖాళీ వరుసలు, కలిపివేసిన గడులు, అందమునకు పెట్టిన శీర్షికలు తీసివేయవలెను. మొదటి వరుసలో మాత్రము పేర్లు: పని, వ్యవధి, మొదలు, ముందు పని, వనరు, అంతస్తు. అంతస్తు అనగా పొలమునకు 1, ఆ పొలములోని పనులకు 2 వ్రాయుట. “ముందు పని” గడిలో చాలమంది ఎక్సెల్ వరుస సంఖ్య వేయుదురు. అది పొరపాటు. ఎక్సెల్‌లో రెండవ వరుసనున్న పని సాఫ్ట్‌వేరులో 1వ పని అగును. ఒక్క అంకె జరిగినచో పనుల ముడులు తప్పుగా పడును.

వనరుల పేర్లు ఒక్క తీరున ఉండవలెను. ఒకచోట “నాటు యంత్రము” అనియు, మరియొకచోట “నాటు యంత్రం” అనియు వ్రాసినచో సాఫ్ట్‌వేరు వానిని రెండు యంత్రములుగా ఎంచును. అప్పుడు ఒకేనాడు రెండు ఊళ్లకు యంత్రమును వాగ్దానము చేసినను అది మిమ్ము హెచ్చరింపదు. పేరు ఒక్కటియే అయినచో వెంటనే ఎర్రని గుర్తుతో చూపును. ఈ సాఫ్ట్‌వేరువలన మన సంఘములకు కలుగు లాభములలో నా దృష్టిలో ఇదియే పెద్దది.

ఇంత చేసిన పిదప ఆ ఫైలును మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో తెరువుడు. అది వరుసగా ప్రశ్నలడుగును. ఏ షీటు, అవి పనులా వనరులా, మొదటి వరుసలో శీర్షికలున్నవా అని అడిగి, మన నిలువు వరుసలకు తన గడులతో జత కూర్చమనును. ఈ జతను ఒక పేరుతో భద్రపరచుకొన్నచో వచ్చే పంటకు మరల కూర్చనక్కరలేదు. ఫైలు పాత ఎక్సెల్ పద్ధతిలోనున్నచో భద్రతా అమరిక అడ్డగింపవచ్చును. క్రొత్త పద్ధతిలో సేవ్ చేసి మరల తెరచిన చాలును.

క్రొత్త ప్రాజెక్టుగానా, ఉన్నదానికి చివర చేర్చుటకా, లేక ఉన్నదానితో కలుపుటకా అని కూడ అడుగును. ఇచట నిలిచి ఆలోచింపుడు. సవరించిన పట్టికను రెండవసారి “చివర చేర్చు” అని పంపినచో 40 పొలములు 80 అగును. కలుపుట అని ఎన్నుకొని, ప్రతి పనికి వేరుగా ఉండు సంఖ్యను గుర్తుగా చూపవలెను.

మొదలు తేదీలను ప్రతి పనికి పంపవలదని నా సలహా. తేదీ పంపినచో “ఈ తేదీకి ముందు మొదలు కారాదు” అను నిబంధన ఆ పనికి అంటుకొనును. నీరు ముందుగా వచ్చినను పని ముందుకు రాదు. నారు పోయు తేదీ ఒక్కటి ఇచ్చి, మిగిలినవానిని ముందు పనులతో ముడివేయుడు. అట్లే చేర్చిన పనుల ప్రక్కన గుండుసూది గుర్తు కనబడినచో అవి చేతి పద్ధతిలో ఉన్నవని అర్థము. 2010 కూర్పులో వచ్చిన పద్ధతి ఇది. వానిని స్వయంచాలక పద్ధతికి మార్చనిచో ముందు పని జరిగినను వాని తేదీలు తమంతట కదలవు.

మొదటిసారి నలుబది పొలములను పంపకుడు. ఒక్క పొలము పనులను పంపి, నారు పోసిన దినము నుండి నాటు దినము వరకు వ్రేళ్లపై లెక్కించి చూడుడు. పిదప నారు తేదీని వారము వెనుకకు జరిపి, నాటు, కోత కూడ జరిగినవో లేదో చూడుడు. మా సంఘములో ఆ తరువాతి పంట నుండి ఈ లెక్కను కార్యదర్శి కాదు, ట్రేలకు నీరు పెట్టు ఆమె చూచుచున్నది. నారు వయస్సు ఆమెకు తెలిసినంత మాకెవ్వరికిని తెలియదు.