పోలింగ్ అయినంక చూపెట్టిన లెక్క



ఎన్నికల్లో ఎవరు ఎంత పంచిండ్రో ఊరంతటికీ తెలుస్తది. కాగితం మీద మాత్రం కనపడదు. ఆ కాగితం కోసం అమెరికాలో నూరేండ్ల కిందనే కొట్లాట జరిగింది. దాని గురించి మేం నాలుగు మాటలు చెప్తం.

1890లో న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. అభ్యర్థి తన ఖర్చును ప్రమాణం చేసి రాసియ్యాలె. కానీ పైసలు వసూలు చేసేది, ఖర్చుపెట్టేది పార్టీ కమిటీ. కమిటీని లెక్క అడగలేదు. అభ్యర్థి నేను పెట్టింది ఇంతే అని రాసిస్తడు. అది అబద్ధం గూడ కాదు!

1905లో అసలు గుట్టు బయటపడ్డది. బీమా కంపెనీల మీద న్యూయార్క్ శాసనసభ కమిటీ విచారణ జరిపింది. 1904 అధ్యక్ష ఎన్నికల్లో న్యూయార్క్ లైఫ్ కంపెనీ రిపబ్లికన్ పార్టీకి 48 వేల డాలర్లకు పైగా ఇచ్చినట్టు తేలింది. ఆ పైసలు ఎవరియి? పాలసీదారులయి. జీతంలకెల్లి ప్రీమియం కట్టే ఉద్యోగులు ఈ సభలో శానామంది ఉన్నరు. మీ ప్రీమియం మీకు చెప్పకుండ మీరు ఓటెయ్యని పార్టీకి పోతే ఎట్లుంటది? గంత కోపమే అక్కడ గూడ వచ్చింది.

కంపెనీల చందాలు ఆపాలని ఆ ఎన్నికల్లో గెలిచిన రూజ్‌వెల్టే కాంగ్రెస్‌ను అడగవలసి వచ్చింది. 1907లో టిల్మన్ చట్టం కంపెనీల చందాలను నిషేధించింది. ఈ టిల్మన్, సౌత్ కరోలినాలో నల్లజాతి ప్రజల ఓటు హక్కు ఊడగొట్టినోళ్లలో ముందున్నోడు. మంచి చట్టానికి పేరున్నంత మాత్రాన మంచోడనుకునేరు. పైగా ఆ చట్టం లెక్క చూపమని అడగనే లేదు.

1910లో ఆ చట్టం గూడ వచ్చింది. ఒకటి కంటె ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే కమిటీలు, 100 డాలర్లు, అంతకు మించి ఇచ్చినోళ్ల పేర్లు చెప్పాలె. ఎప్పుడు? పోలింగ్ అయినంక 30 రోజుల లోపల! పెండ్లయినంక సంబంధం ఎసొంటిదని ఆరా తీసినట్టు. 1911లో సవరించి, పోలింగ్‌కు ముందే చెప్పాలన్నరు. సెనేట్‌ను, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలను గూడ కలిపిండ్రు. ప్రతినిధుల సభకు 5 వేలు, సెనేట్‌కు 10 వేల డాలర్ల ఖర్చు పరిమితి పెట్టిండ్రు.

1918లో మిషిగన్ ప్రైమరీలో హెన్రీ ఫోర్డ్‌ను ఓడించిన ట్రూమన్ న్యూబెరీ తరఫున లక్ష డాలర్లకు పైగా ఖర్చయింది. శిక్ష పడ్డది. 1921లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ప్రైమరీల మీద కాంగ్రెస్‌కు అధికారం లేదన్నది. దాంతోటి 1925 చట్టంలకెల్లి ప్రైమరీలను తీసేసిండ్రు. దక్షిణాది రాష్ట్రాల్లో డెమొక్రటిక్ ప్రైమరీ గెలిస్తే సీటు గెలిచినట్టే. అంటే అసలు పోటీకి లెక్క లేదు, ఉత్తుత్తి పోటీకి లెక్క ఉన్నది!

ఆ 1925 చట్టమే 1971 దాక నడిచింది. లెక్కల కాగితాలను వాషింగ్టన్‌కు పోయి చూసుకోవాలె. అయి గూడ రెండేండ్లు దాచితే చాలు. సెనేటర్ పదవేమో ఆరేండ్లు.